అరువు గొంతులు

మురుగు పంపుహౌసు గొయ్యి పక్కన మనిషిని పడుకోబెట్టి పైన గోనెపట్టా కప్పారు. పట్టా పొట్టిది, మనిషి పొడుగు. తల కప్పితే కాళ్ళు బయటికి వస్తున్నాయి, కాళ్ళు కప్పితే ముఖం బయటపడుతోంది. ఎవరో ఆలోచించి ముఖమే కప్పి కాళ్ళు వదిలేశారు. ఆ కాళ్ళను చూసే గుర్తుపట్టింది పెద్దక్క. ఒకప్పుడు తను ఒళ్ళో పెట్టుకుని ముళ్ళు తీసిన కాళ్ళు అవి. తల్లి పోయిననాడు నాలుగేళ్ళ తమ్ముణ్ణి చంకకెత్తుకుంది, మళ్ళీ దించింది లేదు. వాడు తనకంటే రెండు జానలు ఎత్తు పెరిగినా, పెళ్ళాం వచ్చినా, కూతురు పుట్టినా, తిన్నావురా అని అడగనిదే ఆమెకు పొద్దు గడిచేది కాదు.

చీపురు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కబురు విని ఎక్కడి వీధులు అక్కడ వదిలేసి వచ్చిన పారిశుధ్య కార్మికులంతా ఆమె చుట్టూ చేరారు. ఉదయం ఎనిమిది దాటింది. గొయ్యిలోంచి వస్తున్న వాయువుకు కళ్ళు మండుతున్నాయి. శానిటరీ ఇన్‌స్పెక్టరు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పోలీసుకు మస్టరు పుస్తకం తెరిచి చూపిస్తున్నాడు. మస్టరంటే తెల్లవారుజామున కార్మికులకు హాజరు వేసే పుస్తకం.

"చూడండి. నలభై ఒకటో నంబరు. పదో వార్డు. ఐదున్నరకి హాజరు పడింది, ఇదిగో టిక్కు. అక్కడ రోడ్డు ఊడవాల్సినవాడు ఇక్కడికెందుకొచ్చినట్టు? మోటారులో రాగి తీగుంటుంది. దానికోసం దిగి ఉంటాడు."

దొంగతనానికి వచ్చి చచ్చాడని అంత తేలిగ్గా అనేశాడు. పట్టా కింద మనిషి ఇంకా తడి ఆరలేదు. పెద్దక్క నోరు తెరిచింది. మాట పెగల్లేదు. ఎందుకంటే, ఆ పుస్తకంలో ఆ టిక్కు పడింది ఆమె గొంతుకి.

ఈ సంగతి తెలియనివాళ్ళకు కాస్త విడమరిచి చెప్పాలి. ఆ ఊరి మునిసిపాలిటీలో పారిశుధ్య కార్మికులకు పేర్లుండవు, నంబర్లుంటాయి. పేరు పెట్టి పిలిచే తీరిక దొరలకు లేదు. ఐదున్నరకి రేకుల షెడ్డు కింద అందరూ గుంపుగా నిలబడితే మేస్త్రి మస్టరు తెరిచి ఒకటి, రెండు, మూడు అని పిలుస్తాడు. ఎవరి నంబరుకు వాళ్ళు హాజర్ అనాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఆ రోజు పోయినట్టే. పిల్లకు జ్వరం రావచ్చు, నడుము పట్టేయొచ్చు, ఆస్పత్రిలో వరసలో నిలబడాల్సి రావచ్చు, అదంతా మునిసిపాలిటీకి పట్టదు. అందుకని ఎప్పటినుంచో వాళ్ళలో వాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. రాలేనివాళ్ళు ముందురోజే పక్కవాళ్ళతో "రేపు కాస్త గొంతివ్వు" అంటారు. పక్కవాళ్ళు ఆ నంబరుకు పలుకుతారు. రానివాళ్ళ వీధిని నలుగురూ పంచుకుని ఊడ్చేస్తారు. ఊళ్ళో ఒక్క వీధి కూడా దానివల్ల ఊడవకుండా ఉండిపోలేదు.

ఆడవాళ్ళ నంబరుకు మగవాళ్ళు గొంతు సన్నం చేసి పలికేవారు, మగవాళ్ళ నంబరుకు ఆడవాళ్ళు బొంగురు చేసి పలికేవారు. కొన్ని రోజులు షెడ్డు కింద నవ్వు ఆపుకోవడమే పెద్ద పని. ఒకసారి నెలలు నిండిన మనిషి నంబరు పిలిస్తే ఒకేసారి ముగ్గురు హాజరన్నారు. మేస్త్రి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "ఒక్కరు చాలమ్మా, కవలలు ఇంకా పుట్టలేదు" అన్నాడు. మేస్త్రి ముసలాయన. చీపురు పట్టి పైకొచ్చినవాడే. హాజరు వేసేటప్పుడు తల ఎత్తకపోవడం ఆయన పెట్టుకున్న నియమం. చూస్తే కదా తెలిసేది. తెలిస్తే కదా రాయాల్సింది.

ఆ రోజు జరిగింది ఇది. ఊరు చూడటానికి పైనుంచి పెద్దవాళ్ళెవరో వస్తున్నారు. పంపుహౌసు గొయ్యి పూడిపోయి నల్లనీళ్ళు పెద్దరోడ్డు మీద పారుతున్నాయి. గొయ్యిలో పూడిక యంత్రంతో తీయాలని కాగితాల మీద ఉంది. దానికి ఒక కాంట్రాక్టరున్నాడు. యంత్రం మాత్రం టైర్లలో గాలి పోయి, గడ్డి మొలిచి, ఆఫీసు వెనక పడి ఉంది. ఐదింటికి ముందే ఇన్‌స్పెక్టరు స్కూటరు వేసుకుని కార్మికుల క్వార్టర్లకు వచ్చాడు. గొయ్యి మెట్లు లోతుగా ఉంటాయి కాబట్టి పొడుగు మనిషి కావాలన్నాడు. అరగంట పనే అన్నాడు. హాజరు సంగతి నేను చూసుకుంటాలే అన్నాడు.

పొడుగోడు చొక్కా తొడుక్కుంటూ కుళాయి దగ్గరున్న అక్క దగ్గరికి వచ్చాడు. "ఈయన మాట నమ్మొచ్చా అక్కా?" అని అడిగాడు. పోయిన ఏడు ఇదే ఇన్‌స్పెక్టరు ముప్పయ్యో నంబరును చైర్మన్ కొత్తింటికి మట్టి మోయడానికి పంపి, తీరా చూస్తే గైర్హాజరు వేశాడు. ఆమెకు అది గుర్తొచ్చింది. "ఆయన్ని నమ్ముకుని బాగుపడిందెవడురా? నేను పలుకుతాలే, నువ్వు పో" అంది. పో అంది. తన నోటితో తనే అంది.

ఐదున్నరకి మేస్త్రి నలభై ఒకటి అన్నాడు. పెద్దక్క గొంతు బొంగురు చేసి హాజరంది. సరిగ్గా ఆ వేళకే వాడు గొయ్యిలో చివరి మెట్టు మీదినుంచి లోపలికి జారిపోయి ఉంటాడని తర్వాత డాక్టరు రాసిన టైమును బట్టి తేలింది.

తమ్ముణ్ణి సాగనంపి వచ్చాక పెద్దక్క ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడవలేదు కూడా. ఏడిస్తే గొంతు బయటికి వస్తుంది, ఆ గొంతంటేనే ఆమెకు అసహ్యం పుట్టింది. మరదలు గోడకు చేరబడి కూర్చుని ఉండేది. ఇద్దరికీ మధ్య అన్నం గిన్నె మూత తీయకుండా ఉండేది. నాలుగో రోజున పొడుగోడి కూతురు బడినుంచి మధ్యలోనే వచ్చేసింది. ఆరేళ్ళ పిల్ల. పక్కన కూర్చునే పిల్ల బల్ల మార్చేసుకుందట, దొంగ కూతురి పక్కన కూర్చోవద్దని వాళ్ళింట్లో చెప్పారట.

"అత్తా, నాన్న ఏం తీశాడు?" అని అడిగింది.

పెద్దక్క ఆ పిల్లను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. మీ నాన్న ఏమీ తీయలేదమ్మా అని ఒక్క మాటంటే సరిపోదు. సర్కారు కాగితాల్లో దొంగ అని పడ్డాక ఇంట్లో అత్త చెప్పే మాట ఎంతసేపు నిలబడుతుంది. వాడు పనికి పోయి చచ్చాడు. పంపితే పోయి చచ్చాడు. ఆ మాట కాగితం మీదికి ఎక్కాలి. అది తప్ప ఆమెకు ఇక ఏదీ అక్కర్లేదనిపించింది.

మర్నాడు నలుగురిని వెంటబెట్టుకుని వార్డు కౌన్సిలరమ్మ ఇంటికి వెళ్ళింది. ఆమె చెడ్డ మనిషేమీ కాదు. కుర్చీలు వేయించింది, మంచినీళ్ళిచ్చింది, పాపం అని నాలుగుసార్లు అంది. తమ్ముడి చావు మీద మునిసిపల్ కమిషనరు రాసిన రిపోర్టు కౌన్సిల్ మీటింగుకు వస్తోందని, అందులో పధ్నాలుగో అంశమని చెప్పింది. హాజరు పుస్తకంలో టిక్కు ఉన్నాక నేనేం మాట్లాడను, మీ దగ్గరేమైనా ఆధారముంటే తెండి అని నీళ్ళు నమిలింది. ఓట్లప్పుడు వీళ్ళ ఇళ్ళ గడపల మీద కూర్చుని పిల్లల ముక్కులు తుడిచిన మనిషి. ఆధారం వాళ్ళ నోట్లోనే ఉంది. పెద్దక్క ఆ నీళ్ళు తాగకుండా లేచి వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డు కింద అందరూ కూడారు. చీపుర్లు, పారలు, తోపుడుబండ్లు ఒక పక్కకు నెట్టి నేల మీద కూర్చున్నారు. వాళ్ళలో పది చదివిన పిల్ల ఒకతి ఉంది, చదువులమ్మ అంటారు అందరూ. తల్లి చీపురు తల్లి తర్వాత ఆ పిల్ల చేతికొచ్చింది. ఆఫీసులో బంట్రోతును బతిమాలి పధ్నాలుగో అంశం కాగితం రాసుకొచ్చింది. అది గట్టిగా చదివింది. నలభై ఒకటో నంబరు కార్మికుడు హాజరు వేయించుకుని, అనుమతి లేకుండా విధులు విడిచిపెట్టి, పంపుహౌసులోకి దొంగతనంగా ప్రవేశించి మరణించినందున మునిసిపాలిటీకి ఏ బాధ్యతా లేదని తీర్మానించడమైనది. దాని కింద పదిహేనో అంశం కూడా ఉంది. గొయ్యి యంత్రంతో శుభ్రం చేసినందుకు కాంట్రాక్టరుకు కౌన్సిల్ అభినందన.

అభినందన అన్నచోట ఒకాయన ఉమ్మేశాడు.

పెద్దక్క లేచి నిలబడింది. మీకందరికీ తెలుసు, ఆ రోజు పలికింది నేను, మీటింగుకు వెళ్ళి ఆ మాటే చెబుతాను అంది. అంతసేపూ తల దించుకున్నవాళ్ళు ఒక్కసారి కదిలారు. దొంగ హాజరు పలికినవాళ్ళకు ఉద్యోగం ఊడుతుందని అందరికీ తెలుసు. పైగా ఇన్‌స్పెక్టరు ముందురోజే షెడ్డు దగ్గర మాట వదిలి వెళ్ళాడు. ఎవరైనా నోరు జారితే రెండేళ్ళ మస్టర్లూ తిరగేయిస్తానని, ఏ గొంతు ఎవరిదో తేలుస్తానని, ఒక్కరు కూడా మిగలరని.

పదిహేడో నంబరావిడ ముందు లేచింది. ఆమె మొగుడు మంచం మీద ఉన్నాడు, ఆ ఇంట్లో కాళ్ళూ చేతులూ అన్నీ ఆమే.

"చచ్చినోడికోసం బతికున్నోళ్ళ నోట్లో మట్టి కొడతావా అక్కా? వాడంటే నాకు మాత్రం ప్రాణం కాదా? కానీ నువ్వు నోరు తెరిస్తే రేపు నా మొగుడి నోట్లో గంజి కూడా పోయదెవరూ."

ఆమె అన్నది అబద్ధం కాదని పెద్దక్కకు తెలుసు. నేనొక్కదాన్నే చెబుతాను, ఇంకెవరి ఊసూ ఎత్తను, పోతే నా ఉద్యోగమే పోతుంది అంది. అప్పుడు చదువులమ్మ అడ్డం వచ్చింది. నువ్వొక్కదానివే చెబితే నమ్మరు పెద్దమ్మా, తమ్ముడికోసం అక్క అబద్ధమాడిందంటారు, ఒక్క గంటలో తేల్చేస్తారు అంది. ఇది ఇక్కడ రోజూ జరిగేదే అని, మస్టరు ఏనాడూ నిజం కాదని చెబితేనే ఆ టిక్కుకు విలువ పోతుంది. అది చెప్పాలంటే అందరూ చెప్పాలి.

అందరూ అన్న మాట విని చాలామంది ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. మెల్లిగా గొణుగుళ్ళు మొదలై వాదనలయ్యాయి. పిల్లలున్నవాళ్ళొక పక్క, లేనివాళ్ళొక పక్క అయ్యారు. పర్మనెంటు నంబర్లవాళ్ళు కాంట్రాక్టు నంబర్లవాళ్ళను నీకేం పోతుంది అన్నారు, వాళ్ళు మాకే ముందు పోతుంది అన్నారు. ముప్పయ్యో నంబరాయన, పోయిన ఏడు మట్టి మోసినవాడు, ఎప్పుడూ నోరెత్తని మనిషి, ఆ రోజు మాత్రం నిదానంగా ఒక మాటన్నాడు.

"జ్వరమొచ్చినోడికి మనం గొంతిస్తే అది మోసం. నన్ను కాక ఇంకో నలుగుర్ని చైర్మన్ కొత్తింటికి మట్టి మోయడానికి పంపించి, ఇక్కడ ఊడ్చినట్టు వాళ్ళు టిక్కు పెడితే అది పరిపాలన. మనం భయపడేది మన తప్పుకి కాదు, వాళ్ళ పుస్తకానికి."

ఏదీ తేలలేదు. చీకటి పడకముందే ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. మేస్త్రి మాత్రం షెడ్డు స్తంభానికి ఆనుకుని మిగిలాడు. పెద్దక్క ఆయన్ని దాటి పోతుంటే, "ఆ రోజు నేను ఒక్కసారి తలెత్తి ఉంటే, వాడేడీ అని అడిగుండేవాణ్ణి కదమ్మా" అన్నాడు. ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన తల దించుకోవడం వల్ల ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగిందో ఆమెకు తెలుసు. అదే తల దించుకోవడం వల్ల తన తమ్ముడు గొయ్యిలో మూడు గంటలు ఎవరూ వెతక్కుండా ఉండిపోయాడని కూడా తెలుసు. రెంటినీ ఒక్క గుండెలో పెట్టుకుని ఇంటికి నడిచింది.

కౌన్సిల్ మీటింగు రోజున పెద్దక్క, చదువులమ్మ ముందే వెళ్ళి సందర్శకుల బల్ల మీద కూర్చున్నారు. సందర్శకులు మాట్లాడరాదు అని ఎదురుగా బోర్డు ఉంది. కాసేపటికి వెనక బల్లల మీద ఒక్కొక్కరే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. పెద్దక్క వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఎవరు రాలేదో తెలుస్తుందని భయం.

మునిసిపల్ వ్యవహారం ఎలా నడుస్తుందో ఆ రోజు వాళ్ళు కళ్ళారా చూశారు. పార్కులో నీళ్ళు ఎగజిమ్మే ఫౌంటెనుకు నీలం లైట్లు పెట్టాలా, ఆకుపచ్చవి పెట్టాలా అని ముప్పావుగంట కొట్టుకున్నారు. ఒకాయన నీలం కంటికి చల్లగా ఉంటుందన్నాడు. ఇంకొకాయన తన వార్డులో ఫౌంటెనే లేదని అలిగి బయటికి పోయి, టీ వచ్చిందని తెలిసి మళ్ళీ లోపలికి వచ్చాడు. చివరికి రెండు రంగులూ పెట్టాలని నిర్ణయించి బల్లలు చరిచారు. పధ్నాలుగో అంశం వచ్చింది. గుమాస్తా ఊపిరి తీసుకోకుండా చదివేశాడు. చైర్మన్ గడియారం చూసుకుంటూ, "ఆమోదమేనా? ఆమోదం" అన్నాడు.

పెద్దక్క లేచి నిలబడింది. ముందున్న కమ్మీ పట్టుకుంది.

"ఆ రోజు హాజరంది నా తమ్ముడు కాదు బాబూ. నేను."

సందర్శకులు మాట్లాడకూడదని చైర్మన్ బల్ల మీద కొట్టాడు. తమ్ముడు పోయిన బాధలో ఏదో అంటోంది, కూర్చోబెట్టండి అన్నాడు. కమిషనరు పక్కన నిలబడ్డ ఇన్‌స్పెక్టరు చిన్నగా నవ్వాడు. చదువులమ్మ ముందే చెప్పినట్టే జరుగుతోంది. బంట్రోతు వచ్చి పెద్దక్క భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. అది పదిహేడో నంబరావిడది.

"నా మొగుణ్ణి ఆస్పత్రిలో చేర్చిన మూడు రోజులూ నా నంబరుకు పలికింది ఆ పొడుగోడే. ఆడగొంతు పెట్టి పలికాడు. మీ పుస్తకం తెప్పించండి. మూడు టిక్కులుంటాయి. నేను లేను."

చెప్పి ఆమె కూర్చోలేదు. ఏడుస్తూ నిలబడే ఉంది. ఆమె పక్కన ఇంకొకామె లేచింది. తన కాన్పప్పుడు వారం రోజులు తన వీధి ఊడ్చి, తన నంబరు పలికింది వాడేనంది. ముప్పయ్యో నంబరాయన లేచి, తను చైర్మన్ ఇంటి పునాదిలో మట్టి మోసిన రోజున కూడా ఇక్కడ వాడే పలకబోతే ఇన్‌స్పెక్టరే పలకనివ్వలేదని, ఆ రోజు గైర్హాజరు ఎందుకు పడిందో అడగండని అన్నాడు. ఒకతను తల్లి పోయిన రోజు చెప్పాడు. ఒకామె బిడ్డకు మాట రావడం లేదని డాక్టరుకు చూపించడానికి వెళ్ళిన రోజు చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు. ప్రతివాళ్ళ కష్టకాలంలోనూ ఆ పొడుగు మనిషి గొంతు ఒకటి ఉంది. తమ్ముడు ఇంతమందికి పలికాడని పెద్దక్కకే తెలియదు. వాడెప్పుడూ ఇంట్లో చెప్పలేదు.

చైర్మన్ కింద పడ్డ కాగితాలు ఏరుకుంటున్నట్టు వంగాడు. కమిషనరు గొంతు సవరించుకుని మేస్త్రిని ముందుకు పిలిచాడు. ఆయన్ని సాక్షిగా వాళ్ళే తెచ్చుకున్నారు.

"నలభై ఒకటో నంబరును నువ్వు ఆ రోజు చూశావా లేదా?"

మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. అందరూ ఆయన ముఖం వంక చూశారు. ఆయన తల ఎత్తి అందర్నీ ఒక్కొక్కరినీ చూశాడు.

"చూడలేదండీ. ఇరవై ఏళ్ళుగా నేనెవర్నీ చూడలేదు."

ఆ తర్వాత ఏం జరగాలో అదే జరిగింది. అరుపుల మధ్య చైర్మన్ తీర్మానం ఆమోదం పొందిందని ప్రకటించాడు. ఎవరు చేతులెత్తారో ఎవరికీ కనిపించలేదు. వార్డు కౌన్సిలరమ్మ చెయ్యెత్తలేదు. అలాగని వద్దనీ అనలేదు, బల్ల మీద గ్లాసును చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి షెడ్డు గోడకు కాగితం అంటించారు. మేస్త్రితో సహా అందరూ సస్పెండు. పెద్దక్క మీద దొంగ హాజరు కేసు పెట్టి తెల్లారగానే లోపల వేయించమని, ఫిర్యాదు రాత్రికి రాత్రే రాసివ్వమని కమిషనరు ఇన్‌స్పెక్టరును తరిమాడు. ఒకర్ని లోపల వేస్తే మిగతా నోళ్ళు మూతబడతాయన్నది వాళ్ళ లెక్క.

మర్నాడు పదింటికి పోలీసులొచ్చి పెద్దక్కను తీసుకుపోయారు. మరదలు ఆ పది రోజుల్లో మొదటిసారి గడప దాటి వెంట నడిచింది, పిల్ల చెయ్యి పట్టుకుని. వాళ్ళ వెనక చదువులమ్మ, ఆమె వెనక అందరూ. తాము ఊడవని వీధుల మీదుగా నడిచారు. ఒక్క రోజుకే చెత్త కాళ్ళకు తగులుతోంది. పెద్దరోడ్డు దగ్గర నల్లనీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. మంచినీళ్ళ వాల్వులు తిప్పేవాళ్ళు ఇద్దరు సైకిళ్ళు దిగి, ఏమిటని అడిగి, సైకిళ్ళు నడిపించుకుంటూ కలిశారు. వీధిలైట్లవాళ్ళు నిచ్చెన గోడకు ఆనించి వచ్చేశారు.

స్టేషన్లో కాగితాలు రాసే రైటరు పెద్దక్కను బల్ల ముందు నిలబెట్టి ఇన్‌స్పెక్టరు ఇచ్చిన ఫిర్యాదు చదివాడు. మామూలుగా చదవనవసరం లేదు, వేలిముద్ర వేయించుకుంటే చాలు. కానీ చదివి వినిపించందే పెద్దక్క వేలిముద్ర వేయదని చదువులమ్మ అంది. విసుక్కుంటూనే చదివాడు. సదరు మహిళ ఉదయం ఐదున్నరకు తన తమ్ముడి బదులు మోసపూరితంగా హాజరు పలికినదని, ఆ సమయంలో సదరు కార్మికుడు షెడ్డు వద్ద లేడనుటకు ఫిర్యాదుదారునైన తానే సాక్షినని, ఏలననగా అతణ్ణి పూడిక తీయు పని నిమిత్తము తానే స్వయంగా తన స్కూటరుపై పంపుహౌసు వద్ద దించి వచ్చితినని.

రైటరు అక్కడికి వచ్చి ఆగిపోయాడు. దొంగ హాజరని రుజువు చేయాలంటే మనిషి ఇంకెక్కడో ఉన్నాడని చూపించాలి కదా. కమిషనరు పెట్టిన తొందరలో, ఎలాగైనా ఈమెను లోపల వేయించాలనే కసిలో, ఇన్‌స్పెక్టరు తన చేత్తో నిజం రాసి సంతకం పెట్టాడు.

"ఆ చివరి ముక్క ఇంకోసారి చదవండయ్యా" అంది పెద్దక్క.

రైటరు ఆమె వంక చూసి, ఈసారి విసుక్కోకుండా, నిదానంగా చదివాడు. పూడిక తీయు పని నిమిత్తము. ఆమె బొటనవేలు సిరాలో ముంచి, తన మీద నేరం మోపిన ఆ కాగితం కింద గట్టిగా అద్దింది. రాసిందంతా నిజమేనంది. నేను పలికాను, వాడు అక్కడున్నాడు, ఈయన దించాడు.

ఇంతలో బయట స్కూటరు ఆగింది. ఎవరో తెలివైనవాళ్ళు ఆ ఫిర్యాదు చదివి ఉంటారు. ఇన్‌స్పెక్టరు చెమటలు కక్కుతూ లోపలికొచ్చాడు. ఆడమనిషి, తమ్ముడు పోయిన దుఃఖంలో ఉంది, కేసు వద్దనుకుంటున్నాం, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాం అన్నాడు. పెద్దక్కతో ఎంతో మెత్తగా, "ఇంటికి పోమ్మా, ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు.

"నేను పోను సార్" అంది ఆమె. "నన్ను లోపల వెయ్యండి. ఆ కాగితం మాత్రం చించకండి."

రైటరు ఎటూ తేల్చుకోలేక గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో పదిహేడో నంబరావిడ నిలబడి ఉంది. ఆమె వెనక వరండా నిండా, మెట్ల నిండా, రోడ్డు దాకా మనుషులు. తన మీద కూడా కేసు రాయమంది. ఫలానా రోజున ఫలానావాళ్ళ బదులు పలికానని ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆమె వెనకవాడు తనది కూడా రాసుకోమన్నాడు. అంతమందినీ రాసుకునే కాగితం లేదని రైటరంటే, చదువులమ్మ వెళ్ళి ఎదురు దుకాణంలో దస్తా కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. అది చూసి ఇన్‌స్పెక్టరు వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

పెద్దక్కను లోపల కూర్చోబెట్టారు. కటకటాల దగ్గరికి పిల్ల వచ్చి నిలబడింది. ఏం జరిగిందో దానికి తెలియదు, ఇంతమంది ఎందుకొచ్చారో కూడా తెలియదు. నిన్నెందుకు పెట్టారత్తా అని అడిగింది. పెద్దక్క ఊచల మధ్యనుంచి చెయ్యి చాపి దాని చెంప పట్టుకుంది.

"మీ నాన్న ఏమీ తీయలేదమ్మా. పనికి పంపితే పోయాడు. పనికి పోయి చచ్చిపోయాడు. అది వాళ్ళే రాశారు."

అన్నాక ఆమెకు ఏడుపొచ్చింది. పది రోజులుగా ఆపుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. తమ్ముడు దొంగ కాకుండా పోయాడు, అంతే. తమ్ముడు మాత్రం రాడు. ఇంత చేసి సంపాదించింది వాడు ఎలా చచ్చాడన్న ఒక్క మాటేనని తలుచుకుని గొంతెత్తి ఏడ్చింది. మరదలు ఊచలకు తల ఆనించి ఆమెతోపాటు ఏడ్చింది. బయట నేల మీద కూర్చున్నవాళ్ళందరికీ ఆ ఏడుపు వినిపించింది.

మధ్యాహ్నం కాంట్రాక్టరు పక్క ఊరినుంచి నలుగురు కూలీలను లారీలో తెచ్చాడని కబురొచ్చింది, గొయ్యిలో దింపడానికి. సగంమంది లేచి పంపుహౌసుకు నడిచారు, వాళ్ళతో మాట్లాడటానికి. మిగతా సగం స్టేషను ముందే కూర్చున్నారు. బల్ల దగ్గర రైటరు కొత్త కాగితం తీసి, తర్వాత ఎవరని అడిగాడు. మేస్త్రి లేచి లోపలికి వెళ్ళాడు.